బాక్సు మీద రాసిన కిలోమీటర్లు

"మీ సిస్టమ్ రేంజ్ ఎంత?" అని అడిగాను.

"పది కిలోమీటర్లు సార్" అన్నాడు కుర్రాడు, తడుముకోకుండా.

"ఎవరు కొలిచారు?"

కాసేపు మౌనం. తర్వాత మెల్లగా, "బాక్సు మీద ఉంది సార్".

కిందటేడాది ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మాక్ ఇంటర్వ్యూలు చేయడానికి వెళ్లినప్పటి మాట ఇది. కుర్రాడిది ఈసీఈ ఫైనలియర్. రెజ్యూమెలో ప్రాజెక్టు పేరు 'విపత్తుల్లో పనిచేసే లాంగ్ రేంజ్ కమ్యూనికేషన్ వ్యవస్థ' అని గట్టిగానే రాసుకున్నాడు. లోపల ఉన్నది ఆన్‌లైన్‌లో కొన్న రెండు చైనా వాకీటాకీలు, వాటికి తగిలించిన ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు. తెలివైనవాడే. కోడ్ సొంతంగా రాశాడు, శుభ్రంగా రాశాడు. కానీ ఆ ఒక్క జవాబుతో మిగతా ఇంటర్వ్యూ అంతా నీరుగారిపోయింది. ఆ తర్వాత అతను ఏం చెప్పినా, ఇది కొలిచి చెబుతున్నాడా, బాక్సు చూసి చెబుతున్నాడా అన్న అనుమానమే మా ముగ్గురికీ.

మీలో చాలామంది ఆ వాకీటాకీల వీడియోలు చూసే ఉంటారు. రెండు మూడు వేలకే సెట్టు. 'వంద కిలోమీటర్లు పలుకుతుంది', 'పది వాట్ల పవర్', 'మిలటరీ గ్రేడ్', 'సెల్ టవర్లు పడిపోయినా మీ కుటుంబం సేఫ్'. ఈమధ్య ఇంకోటి కూడా కలిపారు: హామ్ రేడియో లైసెన్సు తీసుకుంటే డిఫెన్స్ ఉద్యోగం ఖాయమట. ఫీజు కట్టించుకుని కోచింగ్ ఇస్తారట.

ముందే ఒక మాట. ఆ సెట్లు పనికిరానివని నేననను. 2012లో బావోఫెంగ్ యూవీ-5ఆర్ వచ్చాకే, హామ్ రేడియో అనేది డబ్బున్నవాళ్ల సరదా అన్న పరిస్థితి మారింది. రెండు బ్యాండ్లు, బ్యాటరీ, చార్జర్ అన్నీ కలిపి అంత చవగ్గా అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. పెట్టిన డబ్బుకి అది మంచి బేరమే. నా గొడవంతా దాని చుట్టూ అల్లిన మాటలతో. వాటిని నమ్మాలా వద్దా అని తేల్చుకోవడానికి మీకు ఏ నిపుణుడూ అక్కర్లేదు. ఇంటర్ ఫిజిక్స్, ఒక కాలిక్యులేటర్ చాలు.

వంద కిలోమీటర్లు అబద్ధమా?

పూర్తిగా కాదు, అదే అసలు చిక్కు. ఈ సెట్లు వాడే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు ఆనినంత మేరకే వెళ్తాయి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి చూపుకి ఒక హద్దు ఉంటుంది. యాంటెనా ఎత్తు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ హద్దు కిలోమీటర్లలో వస్తుంది. సెట్టు మీ నోటి దగ్గర, అంటే నేల నుంచి సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. లెక్క వేస్తే 5 కిలోమీటర్లు. అవతలి మనిషికీ అంతే కాబట్టి మొత్తం 10. మా కుర్రాడి బాక్సు మీద పది అని రాసింది బహుశా ఈ లెక్కతోనే. కానీ అది చెట్టు, ఇల్లు, గుట్ట ఏవీ లేని బల్లపరుపు మైదానంలో మాట. అమీర్‌పేటలో కాంక్రీటు భవనాల మధ్య నిలబడితే ఒకటి రెండు కిలోమీటర్లు స్పష్టంగా పలికినా సంతోషించాలి.

ఇప్పుడు అదే సెట్టు పట్టుకుని మదనపల్లె దగ్గర హార్స్‌లీ కొండల మీదికి ఎక్కండి. చుట్టూ మైదానం కంటే 500 మీటర్లకు పైగా ఎత్తు. సూత్రంలో 500 వేస్తే 92 కిలోమీటర్లు. అవతలివాడి 5 కలిపితే దాదాపు వంద! వీడియో తీసినాయన అబద్ధం చెప్పలేదు. కొండ సంగతి చెప్పలేదు, అంతే.

అంతెందుకు, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటుంది. 145.800 మెగాహెర్ట్‌జ్ మీద అది పంపే మాటల్ని, అది మన నెత్తి మీదుగా వెళ్లే ఆ కొద్ది నిమిషాలు, ఈ చవక సెట్టు మీదే వినొచ్చు. 2025 జులైలో శుభాంశు శుక్లా అక్కడి నుంచి మన విద్యార్థులతో మాట్లాడింది హామ్ రేడియోలోనే. 400 కిలోమీటర్ల దూరాన ఉన్న అంతరిక్ష కేంద్రం వినపడుతుంది, పక్క వీధిలో సెల్లార్‌లో ఉన్న మీ స్నేహితుడు వినపడడు. మధ్యలో అడ్డం ఏముందన్నదే తేడా. కాబట్టి 'ఎన్ని కిలోమీటర్లు పలుకుతుంది?' అన్న ప్రశ్నే తప్పు. ఎక్కడ నిలబడి, ఎంత ఎత్తు నుంచి, ఎవరితో? ఈ మూడూ చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పేవాడు మీకు సరుకు అమ్ముతున్నాడన్నమాట.

వాట్ల మాయ

పాత మోడల్ 5 వాట్లు, కొత్తది 8 వాట్లు, కాబట్టి వెయ్యి రూపాయలు ఎక్కువ అంటారు. 5 నుంచి 8కి పెరిగితే డెసిబెల్స్‌లో వచ్చేది 2. సిగ్నల్ బలాన్ని చూపించే ఎస్-మీటర్ ఒక్క యూనిట్ కదలాలంటే 6 డెసిబెల్స్ కావాలి. అంటే మూడో వంతు గీత. అవతలివాడి చెవికి అది తెలియను కూడా తెలియదు. ఆ వెయ్యి రూపాయలు మంచి యాంటెనా మీద పెడితే తేడా వినపడుతుంది. డాబా ఎక్కితే ఖర్చు లేకుండానే వినపడుతుంది.

అసలు ఆ 8 వాట్లయినా, 10 వాట్లయినా నిజంగా వస్తున్నాయా? స్పెసిఫికేషన్ కాగితం కిందివరకూ చదవండి. పైన 10 వాట్లని రాసి, కింద బ్యాటరీ 7.4 వోల్టులు, ట్రాన్స్‌మిట్ కరెంటు 1.2 ఆంపియర్లు అని ఉందనుకోండి. రెండూ గుణిస్తే 8.9 వాట్లు. లోపలికి వెళ్లేది తొమ్మిది కంటే తక్కువ, బయటికి వచ్చేది పది! ఇలాంటి యంత్రం చేసినవాడు వాకీటాకీలు అమ్ముకుంటూ ఎందుకు కూర్చుంటాడు?

బ్యాటరీ సంగతీ అంతే. 7.4 వోల్టుల దగ్గర 10,000 ఎంఏహెచ్ అంటే 74 వాట్-అవర్లు. మంచి లిథియం అయాన్ సెల్ కిలో బరువుకి దాదాపు 250 వాట్-అవర్లు ఇస్తుంది. అంటే ఆ బ్యాటరీ ఒక్కటే 300 గ్రాముల దాకా తూగాలి. యాంటెనాతో సహా సెట్టంతా 250 గ్రాములే తూగితే ఆ అంకె ఎక్కడిది? వంటింట్లో కూరగాయలు తూచే డిజిటల్ కాటా మీద పెట్టి చూడండి, తేలిపోతుంది. 'మిలటరీ గ్రేడ్' గురించి ఎక్కువ చెప్పను. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810 అనేది అమెరికా రక్షణ శాఖ పరీక్షా పద్ధతుల పుస్తకం. ఏ పరీక్ష చేశారో, ఎవరు చేశారో చెప్పకపోతే అది స్టిక్కర్ మాత్రమే.

బాక్సు మీద ఎప్పుడూ రాయని సంగతి ఇంకొకటుంది. రేడియో అంటే గట్టిగా అరవడమే కాదు, వినడం కూడా. చవక సెట్టులో ఒక్క చిప్పే దాదాపు పనంతా చేస్తుంది, ముందు ఫిల్టర్లు అంతంత మాత్రం. నగరంలో నాలుగు పక్కలా బలమైన ట్రాన్స్‌మిటర్లు ఉన్నచోట దానికి చెవులు మూసుకుపోతాయి. ఇక అరిచేటప్పుడు కూడా తన ఫ్రీక్వెన్సీలోనే అరవాలి కదా. 145 మీద మాట్లాడుతుంటే 290 దగ్గర, 435 దగ్గర కూడా చెత్త వెలువడుతుంది. వీహెచ్‌ఎఫ్‌లో ఇలాంటి చిన్న సెట్ల నుంచి వచ్చే ఆ చెత్త 25 మైక్రోవాట్లు దాటకూడదని అమెరికా నిబంధన. అక్కడి హామ్‌ల సంఘం ఏఆర్‌ఆర్‌ఎల్ తన ల్యాబ్‌లో పరీక్షిస్తే, చవక సెట్లలో చాలా వాటికి ఆ గీత దాటడం మామూలేనని తేలింది. ఒకే మోడల్‌లో ఒక సెట్టు పాసవుతుంది, పక్కది ఫెయిలవుతుంది. మీ చేతిలోది ఏదో కొలిస్తే తప్ప తెలియదు.

కాలేజీ ల్యాబ్‌లో స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఉంటే కొలవొచ్చు. కానీ జాగ్రత్త! 5 వాట్లంటే 37 డీబీఎం. చాలా ఎనలైజర్లు 30 డీబీఎం దాటితే తట్టుకోలేవు. మధ్యలో అటెన్యుయేటర్ పెట్టకుండా తిన్నగా తగిలిస్తే, రెండు వేల సెట్టు కోసం లక్షల పరికరం కాలిపోతుంది. హెచ్‌ఓడీ గారికి మీరే సమాధానం చెప్పుకోవాలి.

కొనడం తేలికే, దగ్గర ఉంచుకోవడమే...

వీడియోల్లో ఎవరూ నోరెత్తని విషయం ఇది. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం కాలం నుంచీ, లైసెన్సు లేకుండా ఇలాంటి సెట్టు దగ్గర ఉంచుకోవడమే నేరం. మాట్లాడటం దాకా అక్కర్లేదు. ఈ సెట్టు 136 నుంచి 174 దాకా, 400 పైన ఇంకో వంద మెగాహెర్ట్‌జ్ దాకా ఎక్కడైనా నొక్కితే పలుకుతుంది. హామ్‌లకు మన దేశంలో అందులో ఇచ్చింది 144 నుంచి 146, 434 నుంచి 438 మాత్రమే. మిగతా చోట్ల రైల్వేవాళ్లు, ఇతర సంస్థలవాళ్లు ఉంటారు. లైసెన్సు అక్కర్లేని చిన్న వాకీటాకీలు వేరే ఉన్నాయి. అవి 446 దగ్గర తక్కువ పవర్‌తో పనిచేస్తాయి. అమ్మేవాళ్లు ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు.

ఆన్‌లైన్‌లో దొరుకుతోంది కాబట్టి చట్టబద్ధమే అనుకోవద్దు. 2025 మేలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ సీసీపీఏ 13 ఈ-కామర్స్ వేదికలకు నోటీసులిచ్చింది. దాదాపు 17 వేల లిస్టింగులు వాళ్ల దృష్టికి వచ్చాయి. చాలా వాటిలో లైసెన్సు కావాలన్న ముక్కే లేదు. ఉద్యోగాల వేటలో ఉన్న మీకు పోలీస్ వెరిఫికేషన్ అనే మాట ఎంత ముఖ్యమో నేను చెప్పాలా? రెండు వేల బొమ్మ కోసం కేసు తెచ్చుకోవడం దేనికి?

సరదా నిజంగా ఉంటే దారి ఉంది. 12 ఏళ్లు నిండిన ఎవరైనా టెలికాం శాఖ డబ్ల్యూపీసీ విభాగం పెట్టే పరీక్ష రాయొచ్చు. రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ కూడా అక్కర్లేదు. సిలబస్‌లో ఓమ్ సూత్రం, యాంటెనాలు, మాడ్యులేషన్, నిబంధనలు. ఈసీఈ, ఈఈఈ వాళ్లకు సగం వచ్చిందే.

'విపత్తులో కాపాడుతుంది' అన్న మాట నన్ను ఎక్కువగా బాధపెడుతుంది, ఎందుకంటే అందులో భయం అమ్ముతున్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తర్వాత విశాఖలో ఫోన్లు మూగబోయినప్పుడు ఎలా ఉండిందో అక్కడివాళ్లు మరిచిపోరు. కానీ ఆ రోజు బీరువాలోంచి ఒక వాకీటాకీ తీసి నొక్కితే ఎవరు పలుకుతారు? 2004 సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉంది. ద్వీపాల సమాచారం బయటికి పంపడంలో వాళ్లు చేసిన సాయం నేటికీ చెప్పుకుంటారు. వాళ్ల దగ్గరున్నవి అయనోస్ఫియర్ మీద పరావర్తనం చెంది వేల కిలోమీటర్లు వెళ్లే షార్ట్‌వేవ్ సెట్లు, వాటికి తగ్గ యాంటెనాలు. అన్నిటికీ మించి, అవతల వినడానికి అలవాటుపడ్డ మనుషులు. ఆ కథ చెప్పి ఈ సెట్టు అమ్మడం, ఓడ బొమ్మ చూపించి టైరు ట్యూబు అమ్మడమే.

ఇక ఉద్యోగం. బెల్, ఈసీఐఎల్ నోటిఫికేషన్లు తీసి అర్హతల కాలమ్ చదవండి. డిగ్రీ, బ్రాంచి, మార్కులు, వయసు ఉంటాయి. పోలీసు శాఖలో కమ్యూనికేషన్స్ విభాగం పోస్టులకూ అంతే. హామ్ లైసెన్సు ఉంటే ఉద్యోగం ఖాయమని ఎవరైనా అంటే, ఆ వాక్యం నోటిఫికేషన్‌లో ఎక్కడుందో చూపించమనండి. లైసెన్సు వల్ల లాభమే లేదని కాదు. నిజంగా యాంటెనా కట్టి, కొలిచి, చెడగొట్టి, బాగుచేసిన అనుభవం ఆర్‌ఎఫ్ ఇంటర్వ్యూలో మాట్లాడుతుంది. కార్డు ఒక్కటీ మాట్లాడదు. మీ కోచింగ్ ఫీజు మాత్రం అమ్మానాన్నల జేబులోంచి వస్తుంది.

ఆ కుర్రాడు నాలుగు నెలల తర్వాత నాకు మెయిల్ పెట్టాడు. లైసెన్సున్న ఇద్దరు సీనియర్లను బతిమాలి, రెండు ఆదివారాలు వాళ్ల వెంట తిరిగాడట. వాళ్లు మాట్లాడుతుంటే తను రాసుకున్నాడు. కాలేజీ నాలుగో అంతస్తు డాబా నుంచి బైపాస్ దాకా 3.4 కిలోమీటర్లు స్పష్టంగా ఉంది. అదే డాబా నుంచి పాత బస్టాండు వైపు 1.1 దగ్గరే తెగిపోయింది. సెల్లార్‌లోంచి 200 మీటర్లు. పట్టిక వేసి, ఏ చోట ఏం అడ్డం వచ్చిందో పక్కన రాశాడు. తర్వాతి ఇంటర్వ్యూలో ఆ పట్టిక మీదే ఇరవై నిమిషాలు అడిగారట. ఆ ఉద్యోగం రాలేదు, రెండో రౌండ్‌లో పోయింది. కొత్త రెజ్యూమె కూడా జత చేశాడు. ప్రాజెక్టు పేరులోంచి 'లాంగ్ రేంజ్' తీసేశాడు.