పొట్ట చూసి నవ్వకండి, టేపు పెట్టి కొలవండి

నేను దుబాయ్‌లో సైట్ సూపర్‌వైజర్‌ని. చదివింది పదో తరగతి. షట్టరింగ్ హెల్పర్‌గా వచ్చాను, ఇప్పుడు నలభై మంది గ్యాంగును చూసుకుంటున్నాను. డాక్టర్‌ని కాను. అయినా ఈసారి మన ఒంటి బరువు గురించి రాస్తున్నాను, ఎందుకంటే ఈ విషయంలో నేనే ఒక తప్పు చేశాను.

నా గ్యాంగులో జగిత్యాల దిక్కు తమ్ముడు ఒకడు ఉండేవాడు. స్టీల్ ఫిక్సర్, వయసు 36. ఏడేండ్లు నా కిందనే పనిచేశాడు. వచ్చినప్పుడు సన్నగా ఉండె, మెల్లమెల్లగా పొట్ట వచ్చింది. "ఏం తమ్మీ, ఎన్నో నెల?" అని అందరి ముందు నేనే ఎక్కిరించాను. వాడూ నవ్వేవాడు. అలసట వస్తుందన్నా అంటే బద్ధకం అని తిట్టాను. పోయిన ఏడాది సేఫ్టీ షూ ఒరుసుకొని కాలికి పుండైంది. నెల దాటినా మానలేదు. క్లినిక్‌కు తీసుకపోతే షుగర్ నాలుగు వందల మీద ఉంది. అంతకు నాలుగు నెలల ముందే వీసా మెడికల్ పాసయ్యాడు! చివరికి కాలి వేలు ఒకటి తీసేశారు, ఇంటికి పోయాడు. ఇల్లు కట్టిన అప్పు అట్లనే ఉంది.

"కష్టం చేసేటోనికి పొట్ట ఎట్ల వస్తది?" అంటారు చాలామంది. మన రోజు ఒకసారి చూసుకోండి. పొద్దున నాలుగింటికి లేస్తాం. రాత్రి వండిన అన్నం డబ్బాలో పెట్టుకొని బస్సెక్కుతాం. మధ్యాహ్నానికి ఎండకు అన్నం వాసనొస్తుంది. పారబోసి గ్రోసరీలో పరోటా, కూల్‌డ్రింకు కొంటాం. సాయంత్రం మళ్లీ గంటన్నర బస్సు. క్యాంపుకొస్తే స్నానానికి లైను, స్టవ్వుకు లైను. తినేసరికి రాత్రి పది దాటుతుంది. ఆకలి మీద పళ్లెం నిండా అన్నం, నూనె తేలే కూర, తినగానే పడక. నిద్ర ఐదు గంటలు. నిద్ర తక్కువైతే ఆకలి పెరుగుతుందని డాక్టర్లు చెప్తారు. ఇక క్రేన్ ఆపరేటర్లు, డ్రైవర్లు, వాచ్‌మన్లు, నాలాంటి సూపర్‌వైజర్లకు ఒళ్లు కదిలేది తక్కువ, తిండి మాత్రం బరువులు మోసేవాళ్ల తిండే.

ఇది మన తెలుగోళ్ల ఒక్కరి సంగతి కాదు. మా క్యాంపులో నేపాలీలు, బంగ్లా వాళ్లు, పఠాన్లు, మలయాళీలు ఉన్నారు. వంట వేరు, రొట్టె వేరు, పొట్ట మాత్రం ఒక్కతీరుగా వస్తోంది. అందుకే నేను చెప్పేది ఏమిటంటే, క్యాంపులో పొట్ట రావడం ఒక్క మనిషి తప్పు కాదు. మన టైము, మన మెస్సు, మన జీతం కలిసి తెచ్చేది అది. ఒక్కడిని తిడితే తగ్గదు. అందరం తలా ఇంత మార్చాలి.

ముందు సూపర్‌వైజర్లం మారాలి. కాంక్రీట్ ఉన్న రోజు గ్యాంగును ఖుషీ చేయడానికి నేను పెట్టెలకు పెట్టెలు కూల్‌డ్రింకులు తెప్పించేవాణ్ని. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం బ్రేకులో కూడా అదే. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో సుమారు 35 గ్రాముల చక్కెర, అంటే ఏడు చెంచాలు. 2017లోనే ఇక్కడి ప్రభుత్వం కూల్‌డ్రింకుల మీద 50 శాతం, ఎనర్జీ డ్రింకుల మీద 100 శాతం పన్ను వేసింది. అయినా మనం మానలేదు. ఎండలో చల్లగా చేతికి అందేది అదొక్కటే అయితే ఎవరు మానుతారు? ఇప్పుడు నేను చల్లటి నీళ్లు, చక్కెర లేని లబన్, అరటిపండ్లు తెప్పిస్తున్నాను. మొదటి వారం "సూపర్‌వైజర్‌కు పైసలు కరువొచ్చినయా" అన్నారు. ఇప్పుడు లబన్ లేకుంటే వాళ్లే అడుగుతున్నారు. హెల్మెట్ గురించి రోజూ టూల్‌బాక్స్ టాక్ పెడతాం కదా, వారానికి ఒక రోజు ఐదు నిమిషాలు షుగర్ గురించి, బీపీ గురించి చెప్తే పని ఆగదు.

రెండోది మెస్సు. మా క్యాంపులో అన్ని దేశాల వాళ్లం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. కూరగాయలు పెట్టండి, నూనె తగ్గించండి, మధ్యాహ్నం డబ్బా పొద్దున వండి ఇవ్వండి అని అడిగాం. వారానికి మూడు రోజులు కూరగాయల కూర వచ్చింది. మిగతావి రాలేదు. మళ్లీ అడుగుతాం. ఒక్కడు అడిగితే గొణుగుడు, రెండు వందల మంది అడిగితే మేనేజర్ కుర్చీలోంచి లేస్తాడు.

మూడోది రూము. మేం ఎనిమిది మందిమి నూనె డబ్బా మీద తెరిచిన తేదీ రాస్తున్నాం. ఎన్ని రోజులకు అయిపోతుందో కండ్లకు కనిపించాక చెయ్యి దానంతటదే తగ్గింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలంటుంది. మన పళ్లెంలో సగం కాకున్నా పావు వంతన్నా పెట్టుకుందాం. అన్నం మీద అన్నం వేసుకునే బదులు పప్పు, గుడ్డు పెంచుదాం.

ఇక అందరూ భయపడే మాట. "షుగర్ ఉందని తెలిస్తే కంపెనీ పంపించేస్తది, ఎందుకు చూపించుకోవాలె?" అంటారు. ఆ తమ్ముడిది కూడా ఇదే భయం. దాచిపెట్టినందుకే వేలు పోయింది, ఉద్యోగమూ పోయింది. వాడు పోయినంక మా గ్యాంగులో ఇద్దరికి పరీక్షలో షుగర్ బయటపడింది. గోళీలు వేసుకుంటూ ఇప్పటికీ నా దగ్గరే పని చేస్తున్నారు. వీసా మెడికల్ పాసయ్యాను కదా అని ధైర్యంగా ఉండకండి. అందులో ముఖ్యంగా చూసేది టీబీ, హెచ్‌ఐవీ లాంటి అంటు రోగాలు. షుగర్ పరీక్ష మనమే అడిగి చేయించుకోవాలి. దుబాయ్‌లో ఇన్సూరెన్స్ కంపెనీయే కట్టాలి. 2025 జనవరి నుంచి షార్జా, అజ్మాన్ లాంటి మిగతా ఎమిరేట్లలోనూ ఇదే రూలు. కార్డు పర్సులో పెట్టుకొని తిరిగితే లాభం లేదు, వాడండి.

ఇంటికాడ వీడియో కాల్‌లో అమ్మ "ఒళ్లు చేసినవ్ బిడ్డా, మంచిగున్నవ్" అంటే సంతోషమే. కానీ ఆ మాట నమ్ముకోకండి. ఈ రాత్రే ఒక పని చేయండి. బొడ్డు దగ్గర నడుము చుట్టూ దారం పెట్టి, ఊపిరి బిగబట్టకుండా, సైట్ టేపుతో దాన్ని కొలవండి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు హద్దు. ఆడవాళ్లకు 80. అంతకన్నా ఎక్కువ ఉంటే సెలవు రోజు క్లినిక్‌కు పోయి రక్త పరీక్ష చేయించుకోండి. హిందీ, ఇంగ్లీషు రాకపోతే వచ్చిన వాళ్లను వెంట తీసుకపోండి.

నాది 97 వచ్చింది. వచ్చే సెలవుకు నేనూ పోతున్నాను.