చెలమ నీరు – హీలియం ద్రవం

హీలియం పేరు వినగానే మనవారు గుంటూరును తలచుకొని గర్వపడతారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణ వేళ ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ అక్కడ నుండి సూర్యకాంతిని పరిశీలించిన మాట నిజమే. కాని వర్ణపటంలోని పసుపు గీత సోడియానిది కాదని ఆ అక్టోబరులో గుర్తించినవాడు ఇంగ్లండులోని లాకియర్. భూమిపై హీలియంను 1895లో వేరుచేసినవాడు రామ్సే. మన గర్వం కొంత తగ్గినా నష్టం లేదు. ఒక మార్కు ప్రశ్నగా మిగిలిన ఆ గ్రహణం కంటె, ద్రవరూపంలో హీలియం చేసే పని విద్యార్థికి ముఖ్యమని నా అభిప్రాయం. ఉన్నత విజ్ఞానం తెలుగులో ఇమడదనే మాట వింటూ పెరిగిన విద్యార్థి, భౌతికశాస్త్రమే తనది కాదనుకొని దూరమవుతున్నాడు. ఆ మాట సరికాదు.

పాతపట్నం చెంత మహేంద్రతనయ ఇసుకలో చెలమ తవ్వితే నీరు మెల్లగా ఊరుతుంది. రేణువుల సందులలో నీటిపొరలు ఒకదానినొకటి రాసుకొంటూ కదలడమే ఆ జాప్యానికి కారణం. ఈ లోపలి రాపిడినే స్నిగ్ధత అంటారు. పొడవు, ఒత్తిడి మారకుండా సన్నని గొట్టం వ్యాసార్ధాన్ని సగం చేస్తే, ప్రవాహం పదహారవ వంతుకు పడిపోతుంది. బంకమన్నులో నీరు ఊరడానికి అంత ఆలస్యమయ్యేది ఇందువల్లనే.

హీలియం ఈ లెక్కకు లొంగదు. దానిని 1908లో లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్స్ తొలిసారి ద్రవంగా మార్చాడు. అందుకు కావలసిన వాయువును మోనజైట్ ఇసుక నుండి రాబట్టాడు. ఆ ఇసుక అమెరికాది. అయితే మోనజైట్ మన భావనపాడు, కళింగపట్నం తీరాలలోనూ ఉంది. దానిలోని థోరియం యుగయుగాలుగా విచ్ఛిన్నమవుతూ హీలియంను పుట్టిస్తుంది. ఈ ద్రవాన్ని 2.17 కెల్విన్ కంటె దిగువకు, అనగా సున్నా సెంటీగ్రేడుకు సుమారు 271 డిగ్రీల కిందికి చల్లబరిస్తే, దానిలో కొంత భాగానికి స్నిగ్ధత పూర్తిగా లోపిస్తుంది. మాస్కోలో కపిత్సా, కేంబ్రిడ్జిలో అలెన్, మైసెనర్‌లు జరిపిన ప్రయోగాల ద్వారా 1938లో ఈ సంగతి లోకానికి తెలిసింది. ఈ భాగాన్నే అతిద్రవం అంటారు.

గట్టిగా కూరిన మెత్తని పొడి గుండా ఈ ద్రవాన్ని పంపితే, స్నిగ్ధత గల భాగం సందులలో చిక్కుకొంటుంది. అతిద్రవం అడ్డులేకుండా దాటిపోతుంది. జల్లెడ నూకను, పిండిని వేరుచేసినట్లు తోచవచ్చు. కాని ఈ రెండు భాగాలకు వేర్వేరు పరమాణువులు లేవు కనుక ఆ పోలిక కొంతవరకే చెల్లుతుంది. అతిద్రవం తన వెంట వేడిని మోసుకొనిపోదు. అందుచేత వెనుక మిగిలిన ద్రవం వెచ్చబడుతుంది, దాటినది చల్లబడుతుంది.

దీని విలోమం మరింత వింత. 1938లోనే అలెన్, జోన్స్‌లు ఎమరీ పొడి కూరిన గొట్టాన్ని ద్రవ హీలియంలో నిలిపి, దానిపై దీపకాంతి ప్రసరింపజేశారు. పొడి రవంత వెచ్చబడగానే అతిద్రవం ఆ వెచ్చదనం వైపు పరుగెత్తి, గొట్టం పై కొన నుండి ధారగా ఎగజిమ్మింది. అక్కడ పంపు లేదు, మోటారు లేదు. ఉన్నది ఇసుక వంటి పొడి, కాస్త వెలుతురు మాత్రమే.