ఎర్రసిరా

శాలిబండలో మా మేడమీద వాటాలో అద్దెకుంటున్న కుర్రవాడు ఒక కథ వ్రాసి, "సారూ, తప్పులుంటే దిద్దుండ్రి" అంటూ నోటుబుక్కు నా చేతిలో పెట్టాడు. ముప్ఫయ్యేళ్లు తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. దిద్దమంటే నాకు ఆకలి కూడా గుర్తుండదు. ఎర్రసిరా కలం తీశాను.

కథ 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరదను గురించి. ఇప్పుడు ఉస్మానియా దవాఖానా ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి ఆనాడు 150 మందిదాకా ప్రాణాలు దక్కించుకున్నారని ఊరంతా చెప్పుకునేదే. కథలో ఒక తల్లి నాలుగేళ్ల కూతుర్ని వీపున వేసుకుని ఆ చెట్టెక్కుతుంది.

మొదటి పేజీలోనే దొరికాడు. "ఆమె కొమ్మ పట్టుకొని, నీళ్లు ఇంకా పెరిగినయి" అని వ్రాశాడు. క్త్వార్థం కుదరలేదు! పట్టుకున్నది ఆమె, పెరిగినవి నీళ్లు. "పట్టుకొని" అన్నాక ఆ పట్టుకున్న మనిషే ఇంకేదో చెయ్యాలి: కూర్చోవాలి, ఏడవాలి. పేరున్న రచయితల కథల్లోనూ ఇలాంటివి దొర్లుతుంటాయి. అచ్చులో చూసి పళ్లు కొరుక్కుంటాను. "ఆమె కొమ్మ పట్టుకుంది. నీళ్లు ఇంకా పెరిగాయి" అని విడగొట్టాను. తలుపులు "మూయబడ్డాయి" అన్నచోట, మూసిందెవరని పక్కన వ్రాశాను. "భయంకరమైన" అన్న మాట ఒక్క పేజీలో మూడుసార్లుంటే రెండు తీసేశాను. అక్కడితో ఆగినా బాగుండేది.

చెట్టుమీద, చీకట్లో, తల్లి కూతురితో అంటుంది: "గట్టిగ పట్టుకో బిడ్డా, ఇడువకు." నేను "ఇడువకు" కొట్టేసి "విడువకు" చేశాను. "గట్టిగ"కు దీర్ఘమిచ్చాను. "బిడ్డా"ను "అమ్మా" అని మార్చాను.

పుస్తకం తీసుకువెళ్లినవాడు పది రోజులు పలకలేదు. మెట్లమీద ఎదురైతే తల వంచుకుని పోతున్నాడు. "ఏం వ్రాశారేమిటి ఆ అబ్బాయి పుస్తకంలో?" అని మా ఆవిడ నిలదీసింది. చివరికి నేనే పైకి వెళ్లాను.

"ఆ చెట్టెక్కినామె మా అమ్మమ్మకు అమ్మమ్మ, సారూ," అన్నాడు నెమ్మదిగా. "ఫోటో లేదు, ఇల్లు లేదు. ఆమెది మా ఇంట్ల మిగిలింది ఆ ఒక్క మాటనే. నన్ను బస్సెక్కించేటప్పుడు మా అమ్మ గూడ గదే అంటది. విడువకు అంటే అది ఇంకెవరి మాటనో అయితది."

నాకు నోట మాట రాలేదు. జనం మాట్లాడే భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఎంత పోరాడారో ఏటా పిల్లలకు చెప్పినవాణ్ణి. పాతబస్తీ బ్రతుకును తెలుగు కథల్లోకి తెచ్చిన నెల్లూరి కేశవస్వామిగారి "చార్మినార్ కథలు" నా అలమరలోనే ఉన్నాయి. అయినా కలం పట్టేసరికి, నేను పుట్టిన కృష్ణాజిల్లా యాసే వ్యాకరణమనిపించింది కాబోలు!

ప్రూఫులు దిద్దేవాళ్లు, కొట్టేసిన మాటను మళ్లీ నిలపాలంటే దానికింద చుక్కలు పెడతారు. నేనూ ఆ తల్లి మాటలన్నిటికింద చుక్కలు పెట్టాను.

కుర్రవాడికి ధైర్యం వచ్చింది. "మరి 'వరద వచ్చి ఇండ్లు కూలినయి' అన్నది గూడ కొట్టిండ్రు గద సారూ? వచ్చింది వరద, కూలినవి ఇండ్లు. అది గూడ తప్పేనా?"

ఆలోచించాను. వాన పడి చెరువు నిండుతుంది, ఎవరూ తప్పుపట్టరు. మొదటి పని రెండోదానికి కారణమైతే కర్తలు వేరైనా తెలుగు ఒప్పుకుంటుంది. సూత్రం చూసి కొట్టానే గాని వాక్యం వినలేదు. అక్కడా చుక్కలు పెట్టాను. కొమ్మ పట్టుకున్నందుకు నీళ్లు పెరగవు గనుక ఆ దిద్దుబాటు మాత్రం వదల్లేదు. అతనూ ఒప్పుకున్నాడు.

పేచీ "భయంకరమైన" దగ్గర వచ్చింది. మిగిలిన ఆ ఒక్కటీ తీసెయ్యమన్నాను.

"ఒక్కటన్న ఉండనియ్యుండ్రి సారూ," అన్నాడు. "వరద గద!"