సద్దు కోసం సైలెన్సర్‌కు కోత

వాడిపట్టి మీదుగా మదురై-దిండిగల్ రోడ్డులో కొబ్బరికాయలు మోసే పికప్‌కైనా గర్జించాలన్న ముచ్చట తప్పదేమో! ఇంటి వాకిట్లోనే జాకీ ఎత్తి, నాలుగు బోల్టులు విప్పి సైలెన్సర్ మార్చేయొచ్చు. చిక్కంతా ఆ తర్వాతే.

సద్దు పెరిగినంత మాత్రాన బండికి బలం పెరగదు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో అది ఒట్టి పొగగొట్టం కాదు. మసిని పట్టే ఫిల్టరు, సెన్సర్లు ఆ దారిలోనే ఉంటాయి. వాటిని కోసేస్తే ఇంజనే బలం తగ్గించుకోవచ్చు. అతుకు కుదరకపోతే పొగ క్యాబిన్‌లోకే వస్తుంది.

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం శబ్దం హద్దు మీరితే మొదటిసారే 10 వేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. బండి కదిలితేనే పొయ్యి వెలిగే ఇంట్లో మూడు నెలలంటే మాటలా? ఎఫ్‌సీ నాడు పాత సైలెన్సర్ బిగించి, మర్నాడే పీకేసే తెలివి రోడ్డు మీద పనికిరాదు.

అధికారులు డ్రైవర్‌ను పట్టుకుని ఊరుకుంటే చాలదు, గొట్టాలు కోసిచ్చే షాపులనూ చూడాలి. తుప్పు పట్టి మార్చక తప్పకపోతే కంపెనీ రకమే తెచ్చి, ఇంజను చల్లారాక, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండు పెట్టి మార్చుకోవాలి.