రింగుల జుట్టు, హాస్టల్ దువ్వెన



ఈసారి పోడు పట్టాల గురించి కాదు, నోటిఫికేషన్ల గురించీ కాదు, జుట్టు గురించి రాస్తున్నా. నవ్వేవాళ్ళు నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. ముఖ్యంగా హాస్టళ్ళల్లో, గురుకులాల్లో ఉంటున్న చెల్లెళ్ళు చదవండి.

మొన్న ఒక చెల్లె అడిగింది, "అక్కా, స్కాలర్‌షిప్ పడింది, స్మూథెనింగ్ చేయించుకోనా, స్ట్రెయిటెనర్ కొనుక్కోనా?" అని. ఎందుకమ్మా అంటే, "ఇంటర్వ్యూకి పోవాలంటే నీట్‌గా ఉండాలి కదా" అంది. నీట్ అంటే సాపుగా అని ఆ పిల్లకి ఎవరు చెప్పారు? ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆరో క్లాసు నుంచి పిచ్చుక గూడు అనీ, చింపిరి జుట్టు అనీ, తల దువ్వుకోవడం మీ ఊళ్ళో రాదా అనీ వినీ వినీ నేర్చుకుంది. మనందరిదీ రింగుల జుట్టు కాదు, నాకు తెలుసు. ఒకే ఇంట్లో అక్కది సాపుగా, చెల్లెది గింగిరాలు తిరిగి ఉంటుంది. మైదానం పిల్లల్లోనూ రింగులున్నవాళ్ళు బోలెడు మంది. కాకపోతే వాళ్ళని అనేటప్పుడు జుట్టుని మాత్రమే అంటారు. మనల్ని అనేటప్పుడు వెనకాల అడివి అనే మాట కూడా వస్తుంది. తేడా అక్కడుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తా. మన జుట్టు మొండిదేం కాదు. సాపు జుట్టు కోసం చేసిన సామాన్లతో దాని మీద పడుతున్నాం, అంతే. దాని స్వభావం తెలిస్తే ఏం కొనాలో, ఏది అక్కర్లేదో తెలుస్తుంది.

సాపు వెంట్రుకని అడ్డంగా కోసి చూస్తే ఇంచుమించు గుండ్రంగా ఉంటుంది. రింగుల వెంట్రుక కోలగా, నొక్కినట్టు ఉంటుంది. తల మీద ఊరే సహజమైన జిడ్డు సాపు జుట్టులో కొసదాకా జారుతుంది. రింగుల్లో మలుపు మలుపుకీ ఆగిపోతుంది. అందుకే మనకి కుదుళ్ళ దగ్గర జిడ్డు, కొసల్లో గడ్డి. మలుపులున్న చోటే వెంట్రుక బలహీనం కూడా. పొడిగా ఉన్నప్పుడు సన్నపళ్ళ దువ్వెన పెట్టి పైనుంచి కిందకి లాగితే సరిగ్గా అక్కడే తెగుతుంది. తెగనివి విడిపోయి పొగలాగ లేస్తాయి. దాన్నే పిచ్చుక గూడు అంటున్నారు. గూడు కట్టింది దువ్వెన!

కాబట్టి మొదటి సామాను వెడల్పు పళ్ళ దువ్వెన. కర్రదైనా ప్లాస్టిక్‌దైనా పర్వాలేదు. పళ్ళ మధ్య మీ చిటికెన వేలి కొస పట్టాలి, పళ్ళ అంచులు గోటికి గీరుకోకూడదు. ప్లాస్టిక్ దువ్వెన అచ్చు కలిసిన చోట గరుకు గీత ఉంటుంది, కొనేటప్పుడు వేలితో తడిమి చూడండి. సంతలో వంద లోపే దొరుకుతుంది. తల తడిగా ఉన్నప్పుడు, కండిషనరో కొంచెం నూనో రాసి, ముందు కొసలు, తర్వాత మధ్య, చివర కుదుళ్ళు. ఆరిన తర్వాత దువ్వద్దు.

మరి పేన్ల సంగతి ఏంటి అంటారు. హాస్టల్‌లో పేలు నిజం, సిగ్గుపడాల్సిన పని లేదు. పేన్ల దువ్వెన ఉండాల్సిందే. కానీ అది పేలకి, చిక్కుకి కాదు. ముందు వెడల్పు దువ్వెనతో చిక్కంతా తీసి, బాగా నూనె పెట్టి, జుట్టు పాయలు పాయలుగా విడదీసి అప్పుడు పేన్ల దువ్వెన పెట్టాలి. రెండు పనులూ ఒకే దువ్వెనతో చేయబట్టే పిల్లలు ఏడుస్తారు, అమ్మలు విసుక్కుంటారు, ఆఖరికి కత్తెర వస్తుంది.

రెండోది తుడుచుకునే గుడ్డ. కొత్త టర్కీ టవల్ పోగులకి రింగులు తగులుకుని లేస్తాయి. పాత నూలు టీషర్టు, నాన్న పాత లుంగీ, ఇవి మేలు. రుద్దకుండా పిండినట్టు నొక్కండి. దీనికి రూపాయి ఖర్చు లేదు. మూడోది స్ప్రే సీసా. ఇంట్లో ఖాళీ అయినది ఏదైనా కడిగి నీళ్ళు పోసుకుంటే సరి. పొద్దున మళ్ళీ తలస్నానం చేయకుండా, నీళ్ళు చిలకరించి వేళ్ళతో సర్దుకోవచ్చు. నీళ్ళ కొరత ఉన్న హాస్టల్‌లో దీని విలువ మీకే తెలుసు. రాత్రి పడుకునేటప్పుడు దిండు మీద జారుడు గుడ్డ ఏదైనా పరుచుకోండి, పాత శాటిన్ లంగా ముక్క చాలు. డిఫ్యూజర్ లాంటివి డబ్బున్న రోజు చూసుకోవచ్చు.

కడిగే దాని గురించి ఒక్క మాట. బట్టల సబ్బుతోనో ఒంటి సబ్బుతోనో తల రుద్దుకునే అలవాటు ఇంకా ఉంది. బోరు నీళ్ళల్లో సున్నం ఎక్కువ, సబ్బుతో కలిసి తెల్లటి పొరలా జుట్టుకి పట్టేస్తుంది. కుంకుడుకాయ నయం, అయితే చిక్కగా పోస్తే అదీ ఎండగొడుతుంది. పలచగా చేసి కుదుళ్ళకే పొయ్యండి. మన అడవిలో మనం ఏరిన కుంకుళ్ళూ శీకాయా గిరిజన సహకార సంస్థ 1956 నుంచి కొంటూ అమ్ముతూ ఉంది, మనం మాత్రం రూపాయి షాంపూ పాకెట్ చింపుకుంటున్నాం. ఇప్ప నూనె ఉన్నవాళ్ళు తడి ఆరకముందే కొసలకి రెండు చుక్కలు రాయండి. నూనె తేమని ఇవ్వదు, ఉన్న తేమని పోనివ్వదు. వాసన కొందరికి పడదు, అది మీ ఇష్టం.

ఇక స్ట్రెయిటెనర్. మామూలుగా 180 నుంచి 230 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. నీళ్ళు మరిగేది 100 దగ్గర. తడి జుట్టుకి పెడితే చుయ్‌మని వచ్చే చప్పుడు వెంట్రుక లోపలి నీళ్ళు మరిగిందే. తీరా అంత చేసినా చెమట పట్టగానే, వాన చినుకు పడగానే రింగులు తిరిగొస్తాయి. పార్లర్‌లో చేసే కెరాటిన్ రకాల్లో కొన్నిటిలో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, లేదా వేడికి అది ఆవిరిగా బయటికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే దాన్ని మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. చేయించుకున్న వాళ్ళ కంటే, తలుపులేసిన గదిలో రోజూ ఆ ఆవిరి పీల్చే పార్లర్ అమ్మాయికి ఎక్కువ ప్రమాదం. ఆ అమ్మాయి మన పిల్లే అయి ఉండొచ్చు కూడా.

ఇష్టంగా సాపు చేయించుకుంటే నేనెవర్ని వద్దనడానికి. భయంతో, స్కాలర్‌షిప్ డబ్బు పెట్టి చేయించుకుంటేనే నాకు బాధ. అమెరికాలో నల్లజాతి వాళ్ళ జుట్టుని చూపి ఉద్యోగంలో, బడిలో వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం చట్టమే చేసింది. దువ్వెన మనకి కొత్త వస్తువు కూడా కాదు. బస్తర్ మురియా గోటుల్‌లో అబ్బాయిలు కర్ర దువ్వెనలు చెక్కి అమ్మాయిలకి ఇచ్చేవారని, వాళ్ళు జుట్టులో పెట్టుకునేవారని వెరియర్ ఎల్విన్ 1947లో రాసిన పుస్తకంలో ఉంది. ఆ బస్తర్ నుంచి వచ్చిన గుత్తికోయ కుటుంబాల పిల్లలు ఇప్పుడు మన హాస్టళ్ళల్లో చదువుతున్నారు.

హాస్టళ్ళ దగ్గరికే వద్దాం. తెలంగాణలో 2024లో డైట్ చార్జీలు 40 శాతం, కాస్మెటిక్ చార్జీలు 200 శాతం పెంచారు. మంచిదే. ఆ పైసల్లో నూనె, సబ్బు అంటారే గానీ ఏ దువ్వెన అని ఎవరూ అడగరు. పిల్లకి నెలకొకటి అక్కర్లేదు, ఏడాదికి ఒక వెడల్పు పళ్ళ దువ్వెన, ఒక పేన్ల దువ్వెన చాలు. స్టూడెంట్ కమిటీల్లో ఉన్నవాళ్ళు వచ్చే మీటింగ్‌లో ఇది అడగండి, ఆంధ్రా వైపు వాళ్ళు కూడా. చిక్కు పడిందని, పేలు పట్టాయని పిల్ల ఒప్పుకోకుండా జుట్టు కత్తిరించడం ఎక్కడైనా జరుగుతుంటే దాన్నీ అదే మీటింగ్‌లో రాయించండి, మినిట్స్ బుక్‌లో, తేదీ వేసి.