ఒకే పొయ్యి, ఒకే కుటుంబం

వన్ టౌన్ సందుల్లో ఒకే గదిలో, ఒకే పొయ్యి మీద వండుకు తింటూ ముసలివాళ్లయిన ఇద్దరు మగవాళ్లను ఏమంటాం? "స్నేహితులు" అనేసి ఊరుకుంటాం. ఒకరు మంచాన పడితే "నువ్వేమవుతావ్?" అని ఆసుపత్రిలో రెండోవాణ్ణి అడుగుతారు. ఏం చెప్పాలి?

స్వలింగ ప్రేమ నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. హైదరాబాదు జంట సుప్రియో, అభయ్ కేసులో 2023లో పెళ్లి హక్కు మాత్రం ఇవ్వలేదు. అయినా, రేషను కార్డుకు ఇలాంటి జంటను ఒకే కుటుంబంగా చూడమని 2024లో కేంద్రం రాష్ట్రాలకు రాసింది. బ్యాంకులో జాయింటు ఖాతా తెరవొచ్చు, ఒకరికొకరు నామినీ కావొచ్చు అనీ చెప్పింది.

కాగితం దానంతటది కౌంటరు దాకా నడిచిరాదు. కార్యకర్తలారా, వాళ్లు అడిగితే తోడు వెళ్లండి. అడక్కుండా వాళ్ల గుట్టు మాత్రం బయటపెట్టకండి.