‘టక్’మన్నాకే నమ్మకం

మా ఇంట్లో ఓ భోషాణం ఉంది. మా అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. టేకు చెక్క. మూత ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దాని కుడివైపు మూలకి మాత్రం ఓ ఇనపరేకు కొట్టి ఉంటుంది. ఇంటికొచ్చినవాళ్ళు ‘అంత చక్కటి పెట్టెకి ఆ మాసిక ఏమిటండీ?’ అని అడుగుతుంటారు. ఈ వారం ఆ మాసిక కథే.

1999లో గుంటూరు నుంచి హైదరాబాద్‌కి ఇల్లు మారాం. సామాను డీసీఎం వ్యానులోకి ఎక్కించారు. భోషాణాన్ని ఆఖర్న ఎక్కించారు. దాంతో వెనక డోరు పడలేదు. ‘ఏం ఫరవాలేదు, తాళ్ళు వేస్తాం’ అన్నారు. మూడు నైలాన్ తాళ్ళు వేశారు. ఇద్దరు హమాలీలు వ్యానుకి కాళ్ళు తన్నిపట్టి మరీ లాగి ముడేశారు. నేను తాడు మీద వేలితో కొట్టి చూశాను. వీణ తీగలా మోగింది.

‘ఢిల్లీ దాకా పోవచ్చు బాబుగారూ!’ అన్నాడు డ్రైవరు.

ఢిల్లీ సంగతి దేవుడెరుగు, మిర్యాలగూడ దాటగానే ఓ స్పీడ్ బ్రేకర్ దగ్గర వ్యాను ఎగిరిపడింది. వెనక దబ్బుమని చప్పుడు. దిగి చూస్తే భోషాణం రోడ్డు మీద ఉంది. దానికి మూడు గజాల దూరంలో ఓ స్కూటరు. భార్యాభర్తలు, ముందు నిలబడి నాలుగేళ్ళ పిల్ల. ఆయన బ్రేకు వేయడం ఒక్క క్షణం ఆలస్యమై ఉంటే... ఆ వాక్యాన్ని నేను ఇప్పటికీ పూర్తి చేయలేను. ఆయన తిట్టలేదు. ‘కాస్త చూసుకోవాలి కదండీ’ అన్నాడంతే. తిట్టినా బాగుండేది.

విచిత్రమేమిటంటే, ఒక్క ముడీ ఊడలేదు. ఒక్క తాడూ తెగలేదు. మూడు తాళ్ళూ ఉయ్యాల తాళ్ళలా వేలాడుతున్నాయి.

బిగువు ఎక్కడికి పోయింది?

తర్వాత చాలాకాలం ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. గుంటూరులో వీణలా మోగిన తాడు నాలుగు గంటల్లో ఎందుకు వదులైంది?

జవాబులు ఒక్కొక్కటే దొరికాయి. ముడి వేసేటప్పుడే కొంత బిగువు పోతుంది. లాగిపట్టుకున్న చేయి, ముడి వేసే చేయి వేరు కదా! ఆ మధ్యలో తాడు కాస్త వెనక్కి జారుతుంది. దారిలో ముడి నలిగి సర్దుకుంటుంది. అప్పుడు ఇంకాస్త పోతుంది. కుదుపులకి సామాను కిందికి దిగుతుంది. పరుపులూ బట్టల మూటలూ మధ్యలో ఉంటే చెప్పనే అక్కర్లేదు. పైగా ఆ రోజు చినుకులు పడ్డాయి. నైలాన్ నీళ్ళు పీల్చుకుని సాగే రకం. అందరూ తలా కాస్తా దోచుకుంటే ఇంక మిగిలేదేముంది?

మరి అంత బరువున్న పెట్టె తాడు లేకపోతే మాత్రం తనంతట తాను ఆగదా? ఆగదు. పెట్టెను నేల మీద పట్టి ఉంచేది రాపిడి. ఆ రాపిడి పెట్టె నేలను ఎంత గట్టిగా అదిమితే అంత ఉంటుంది. వ్యాను ఎగిరిపడ్డ క్షణంలో పెట్టె నేలను దాదాపు అదమదు. అంటే ఆ క్షణంలో వంద కిలోల పెట్టెకీ అట్టపెట్టెకీ పెద్ద తేడా లేదు. అలాంటప్పుడు పై నుంచి అదిమిపట్టే బిగువొక్కటే దిక్కు.

అంటే బిగించడం ఒక పని, ఆ బిగువును నిలబెట్టడం మరో పని. మా హమాలీలు మొదటి పని బ్రహ్మాండంగా చేశారు. రెండో పని తాడు చేతుల్లో లేదు.

మన పల్లెల్లో గడ్డిబండికి మోకు కట్టడం చూసినవాళ్ళకి ఈ తేడా తెలుసు. మోకు సందులో ఓ కర్ర దూర్చి గుండ్రంగా మెలిపెడతారు. కర్ర ఎంత పొడుగుంటే అంత తేలిగ్గా బిగుస్తుంది. అది అచ్చమైన లివరు. కానీ కర్ర వదిలారో, గిర్రున వెనక్కి తిరిగి మొహం మీద కొడుతుంది. అందుకే ఆ కర్రను మళ్ళీ ఓ తాడుతో కట్టాలి. బిగించే సాధనం దొరికింది గానీ, పట్టుకుని కూర్చునేవాడు దొరకలేదన్నమాట.

లివరు బకిల్ కనిపెట్టిన వాళ్ళంతా తలలు బద్దలుకొట్టుకున్నది ఈ రెండో పని గురించే.

క్యారేజీ క్లిప్పులో ఉన్న కిటుకు

వంటింట్లోకి వెళ్ళి, పక్కన క్లిప్పు ఉన్న టిఫిన్ క్యారేజీ ఉంటే తీసి చూడండి. ఓ చిన్న లివరు, దానికి తగిలించిన తీగ, ఎదురుగా మూతకి ఓ కొక్కెం ఉంటాయి. తీగను కొక్కేనికి తగిలించి లివరును నొక్కితే మొదట తేలిగ్గా వెళుతుంది. తర్వాత గట్టిపడుతుంది. ఓ చోట ‘ఇక రాదేమో’ అనిపిస్తుంది. అక్కడ ఇంకాస్త నొక్కితే ‘టక్’మని తనంతట తానే పడిపోతుంది.

ఆ ‘టక్’లోనే అంతా ఉంది. లివరు తిరిగే ఇరుసు, తీగ లివరుకు తగులుకున్న చోటు, అవతలి కొక్కెం... ఈ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు బిగువు గరిష్ఠంగా ఉంటుంది. తీగ తగులుకున్న చోటు ఆ గీత దాటి కాస్త అవతలికి పడగానే కథ తిరగబడుతుంది. అప్పటిదాకా లివరును వెనక్కి నెట్టిన లాగుడే ఇప్పుడు దాన్ని డబ్బా వైపు అదుముతుంది. సాంబారు కుదిపినకొద్దీ క్లిప్పు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. దొంగ చేతికే తాళాలిచ్చినా ఇల్లు భద్రంగా ఉండటమంటే ఇదే!

గీత దాకా వచ్చి ఆగిపోతే మాత్రం ప్రమాదం. ఏ చిన్న కుదుపుకైనా లివరు వెనక్కి ఎగిరి వేలు చితక్కొడుతుంది. అందుకే ‘టక్’ వినిపించేదాకా మూసినట్టు కాదు.

ఈ కిటుకు కొత్తదేం కాదు. రబ్బరు వాషరు, తీగ క్లిప్పుతో మూసే గాజు సీసాలున్నాయి చూడండి, అలాంటి బిరడాకు న్యూయార్క్‌లో ఛార్లెస్ డి క్విల్‌ఫెల్ట్ 1875లోనే పేటెంట్ తీసుకున్నాడు. పెట్టెలకీ ట్రంకులకీ కూడా ఈ ఉపాయమే వాడతారు.

బిగించాల్సింది పట్టీ అయితే ఇంకో చిక్కుంది. ఇలాంటి లివరు లాగే దూరం చాలా తక్కువ. బలం పెరగాలంటే దూరం తగ్గాలి. అది లివరు పెట్టే షరతు. డబ్బా మూత ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆ కాస్త దూరం చాలు. కానీ మనుషుల కాళ్ళు ఒకే లావులో ఉండవు కదా!

కాళ్ళ మాట ఎందుకొచ్చిందంటే, ఈ చిక్కుకు ఓ చక్కటి పరిష్కారం మంచు మీద జారే ఆటగాళ్ళ బూట్లలో దొరికింది. 1955 దాకా ఆ తోలు బూట్లకు లేసులే దిక్కు. గడ్డకట్టే చలిలో, కొంకర్లు పోయే వేళ్ళతో ఆ లేసులు బిగించడం నరకం. వదులైతే కాలు మెలిపడుతుంది. స్విట్జర్లాండ్‌లోని హెంకే కంపెనీ ఆ ఏడాది లేసులకు బదులు లివరు బకిళ్ళున్న బూటు తెచ్చింది. దాని రూపకర్త హాన్స్ మార్టిన్. పట్టీ తగిలించడానికి వరసగా గాట్లు ఉంటాయి. కాలి లావును బట్టి మొదట గాటు ఎంచుకోవాలి. తర్వాత లివరు వేస్తే ఆఖరి బిగువు వస్తుంది. చేతికి తొడుగులున్నా క్షణాల్లో పని అయిపోతుంది.

అయితే ఆ బకిల్ బిగువుకు తోలు సాగేది. 1960లలో అమెరికాలో బాబ్ లాంగే ప్లాస్టిక్ బూట్లు తెచ్చాకే లివరు బకిళ్ళకు సరైన జోడీ కుదిరింది. బకిల్ ఒక్కటే గట్టిగా ఉంటే చాలదు, అది పట్టుకున్నదీ గట్టిగా ఉండాలి.

మా అబ్బాయి ఇల్లు మారాడు

ఆ మధ్య మా అబ్బాయి హైదరాబాద్‌లోనే ఇల్లు మారాడు. భోషాణం వాడికి కావాలన్నాడు. నాకు గుండెల్లో రాయి పడింది. వచ్చిన వ్యాను కుర్రాడు తాళ్ళు తేలేదు. నారింజరంగు బెల్టులు తెచ్చాడు. ఒక్కోదానికి పిడి ఉన్న ఇనప బకిల్. దాన్ని రాట్చెట్ అంటారు.

దాన్ని విప్పి చూస్తే చిన్నపిల్లాడిలా సంబరపడ్డాను. మధ్యలో సందు ఉన్న ఓ ఇరుసు. బెల్టు కొస ఆ సందులోంచి దూరుతుంది. ఇరుసుకు రెండు పక్కలా పళ్ళచక్రాలు. పిడిలో ఓ నాలుక, బకిల్ ఒంట్లో ఇంకో నాలుక, రెంటికీ స్ప్రింగులు. పిడిని ముందుకు లాగితే దాని నాలుక పన్ను పట్టి ఇరుసును తిప్పుతుంది. పిడి వెనక్కి వెళ్ళేటప్పుడు రెండో నాలుక పన్నుకు అడ్డంపడి ఇరుసును కదలనివ్వదు. ఒకడు లాగుతాడు, ఇంకొకడు పట్టుకుంటాడు. మా హమాలీలకు కరువైన ఆ రెండోవాడు ఇక్కడ చూపుడువేలంత ఇనపముక్క రూపంలో కూర్చున్నాడు!

‘బాబూ, ఒకటి నేను బిగిస్తా’ అన్నాను. కుర్రాడు నవ్వి పిడి ఇచ్చాడు. నేను ఉత్సాహంగా టకటకా ఊపాను. ఊపుతూనే ఉన్నాను. ఇరుసు మీద బెల్టు చుట్టలు చుట్టలుగా పేరుకుపోయింది గానీ బిగువు రాదే!

‘అంకుల్, వదులంతా ముందు చేత్తో లాగెయ్యాలి. ఆఖర్న రెండు చుట్లు మాత్రమే దీంతో’ అన్నాడు.

పిల్లవాడు చెప్పిన ముక్కలో పెద్ద లెక్క ఉంది. పిడి పొడుగు 20 సెంటీమీటర్లు, ఇరుసు మధ్య నుంచి బెల్టు దాకా 2 సెంటీమీటర్లు అనుకోండి. మన బలం పది రెట్లవుతుంది. 20 కిలోల బలంతో లాగితే బెల్టులో 200 కిలోల లాగుడు. అందులో రాపిడికి కొంత పోతుంది. చుట్టలు పేరుకుని ఆ 2 కాస్తా రెండున్నర అయితే పది రెట్లు ఎనిమిది రెట్లకు పడిపోతాయి. మరీ ఒక్క చుట్టే అయితే బెల్టు జారిపోతుంది. అందుకే రెండు చుట్లు. మంచు బూట్ల గాట్లకీ ఈ కుర్రాడి మాటకీ సూత్రం ఒక్కటే. వదులు తీయడం చేతి పని, బిగించడం లివరు పని.

ఆ బిగువు ఎంతకి సరిపోతుంది? పెట్టె బరువు 100 కిలోలు అనుకుందాం. గట్టిగా బ్రేకు వేస్తే బరువులో 80 శాతం శక్తితో సామాను ముందుకు తోసుకొస్తుందని యూరప్ ప్రమాణాలు లెక్కగడతాయి. అంటే 80 కిలోలు. రాపిడి బరువులో 30 శాతం అనుకుంటే పెట్టెను ఆపేది 30 కిలోలే. ఇప్పుడు పై నుంచి బెల్టు వేసి రెండు పక్కలా వంద వంద కిలోల బిగువు తెస్తే, పెట్టె నేలను 300 కిలోలతో అదుముతుంది. అందులో 30 శాతం 90 కిలోలు. ఆగుతుంది!

మంచి బెల్టుకు ఓ నీలం చీటీ కుట్టి ఉంటుంది. నీలం అంటే పాలిస్టర్. ఇది నైలాన్‌లా తడికి సాగదు. చీటీ మీద ‘ఎల్‌సీ’ అంటే బెల్టు ఎంత లాగుడు దాకా పనికొస్తుందో చెప్పే అంకె. ‘ఎస్‌టీఎఫ్’ అనే అంకె నాకు ఎంతో నచ్చింది. పిడిని లాగి చేయి వదిలేశాక బెల్టులో మిగిలే బిగువు అది. లాగినప్పటి బిగువు కాదు, మిగిలిన బిగువు! 1999లో నాకు తెలియని మాట అదే.

మీరూ ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు మారతారు. నాలుగు మాటలు గుర్తుంచుకోండి. బెల్టు మెలికలు పడకూడదు. పొట్టిగా ఉందని ముడి వేయకూడదు, ముడి దగ్గర బలం బాగా తగ్గిపోతుంది. పదునైన అంచుల మీద గోనెసంచి మడతైనా వేయాలి. పిడికి గొట్టం తొడిగి లాగడం వీరత్వం కాదు, మూర్ఖత్వం. పీచులు లేచిన బెల్టుని పారేయాలి. విప్పేటప్పుడు మొహం దూరంగా పెట్టాలి, పట్టి ఉన్న బిగువంతా ఒక్కసారిగా వదులుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, బయల్దేరిన కాసేపటికి ఆగి మళ్ళీ చూసుకోవాలి. సామాను సర్దుకుంటే ఎంత గొప్ప బకిల్ అయినా వదులు బెల్టునే పట్టుకుని కూర్చుంటుంది. నాలుగు మాటలని ఏడు చెప్పాను, ఏమనుకోకండి. దెబ్బ తిన్నవాడికి లెక్క ఆగదు.

దారిలో నేను వ్యాను వెనకే ఆటోలో వెళ్ళాను. మా ఆవిడ ‘ఏమండీ, ముందు కూర్చోక వెనక ఎందుకు?’ అంది. స్కూటరు ఆయన చోటులోంచి చూడాలనిపించిందని చెప్పలేదు. ఓ స్పీడ్ బ్రేకర్ వచ్చింది. వ్యాను ఎగిరింది. నా ఊపిరి ఆగింది. భోషాణం మాత్రం కదల్లేదు.

రెండు కిలోమీటర్లు పోయాక కుర్రాడు బండి ఆపాడు. దిగి, వెనక్కి వచ్చి, రెండు పిడులూ ఒక్కో పన్ను బిగించాడు. ‘టక్, టక్.’

ఎవరూ చెప్పకుండానే చేశాడు. ఆ చప్పుడు నాకు ఏ వీణ కన్నా మధురంగా వినిపించింది.